ఎత్తొరె దొర గోడ

"మీదే ఊరండీ?" అని ఒక తెలుగువాడు ఇంకో తెలుగువాణ్ణి అడిగితే, ఏదో పొద్దుపోక అడిగాడనుకోవద్దు. అదొక తవ్వుడు. ఐర్లండ్ వచ్చినా అది నన్ను వదల్లేదు. కరోనాకి ముందటి డిసెంబరులో డబ్లిన్‌లో తెలుగువాళ్ళంతా కలిసి క్రిస్మస్ చేస్తుంటే, మా ఆవిడ పోరు పడలేక వెళ్ళాను. శాండీఫోర్డ్‌లో ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసే శేషగిరిరావు గారు కేకు ప్లేటుతో నా పక్కన కూర్చున్నారు.

"మీదే ఊరండీ?"

"నరసరావుపేట దగ్గరండీ."

"దగ్గరంటే?"

ఊరి పేరు చెప్పాను.

"అరె, మా బావమరిదికి అక్కడ పొలాలున్నాయే! ఊళ్ళో ఎక్కడ మీ ఇల్లు? సెంటర్లోనా, హైస్కూలు వైపా?"

అదిగో, పలుగు రాయికి తగిలింది. హైస్కూలుకి కొంచెం అవతల అని గొణిగి, టీ తెచ్చుకుంటానని లేచాను. మళ్ళీ ఆ కుర్చీ వైపు పోలేదు. ఊరు వేరు, పల్లె వేరు. మాది పల్లె. మురుగుకాలవకి అవతల. తెలుగు చదివేవాళ్ళకి ఇంతకంటే విప్పి చెప్పక్కర్లేదు. ఎనిమిదిలో బడి మానేసి బస్టాండు దగ్గర బజ్జీల బండి మీద నూనె ముందు నిలబడ్డవాణ్ణి, యాభై దగ్గర పడ్డాక ఐర్లండ్ నడిమధ్య అత్లోన్ అనే ఊళ్ళో మళ్ళీ నూనె ముందే నిలబడ్డాను. మధ్యలో జరిగిందల్లా మా ఆవిడ లీలారాణి నర్సు కావడం, ఆవిడ వెనకాల నేను విమానం ఎక్కడం.

నేను పనిచేసేది వెల్లూచి వాళ్ళ చిప్స్ షాపులో. బంగాళాదుంప ముక్కలూ చేపలూ నూనెలో వేయించి అమ్మే కొట్టుని ఇక్కడ చిప్పర్ అంటారు. అత్లోన్‌ని షానన్ నది రెండు ముక్కలు చేస్తే, పడమటి ముక్కలో, కనాట్ స్ట్రీట్‌లో ఉంది మా షాపు. ఓనరు కార్మినె. ఇటలీవాడు అంటే ఇటలీవాడే గానీ పుట్టింది అత్లోన్‌లో, పెరిగింది అత్లోన్‌లో, నోరు తెరిస్తే పక్కా ఇక్కడి యాస. కానీ "హోమ్" అన్నాడంటే మాత్రం అత్లోన్ కాదు. రోముకీ నేపుల్స్‌కీ మధ్య కొండల్లో ఎక్కడో ఉన్న రొక్కాసెర్ర అనే ఊరు. ఆగస్టు వచ్చిందంటే షాపుకి తాళం పడాల్సిందే. కుటుంబం మొత్తం నెలంతా అక్కడే. ఆ నెల నేను ఖాళీ.

ఆ ఊరి కథ విననివాడు మా షాపులో చేప కొనలేదు. చేప వేగే లోపల మొదలుపెట్టేవాడు కార్మినె. వాళ్ళ తాత ఓడ దిగి, పడమటికి నడిచి నడిచి, బూట్లు అరిగిపోయిన చోట ఆగిపోయాడట. ఆ చోటే అత్లోనట. ఎండాకాలం ఐస్‌క్రీమ్ బండి, చలికాలం చిప్స్ బండి. ఆ తర్వాత ఈ షాపు. షాపు మీద వచ్చిన దాంతో రొక్కాసెర్రలో మూడంతస్తుల ఇల్లు. ఇల్లుని మించిన గొప్ప ఇంకోటుంది. ఆ ఊరి శ్మశానంలో మనుషుల్ని మట్టిలో పెట్టరట. గోడలకి అరలు కట్టి, శవపేటికని అరలో తోసి, పలకతో మూసేస్తారట. డబ్బున్నవాళ్ళకి అక్కడ సొంత గది ఉంటుందట. కార్మినె పాలరాతితో ఆరు అరల గది కట్టించాడు. ఒక అరలో వాళ్ళ నాన్న ఉన్నాడు. ఆయన పక్క అర వాళ్ళమ్మకి. ఫోన్లో ఆ ఫోటో కస్టమర్లకి కూడా చూపించేవాడు. వెనిగర్ వాసనలో నిలబడి శుక్రవారం పూట ఎవడికి కావాలి శ్మశానం ఫోటో? అయినా ఇక్కడివాళ్ళు మర్యాదస్తులు, "గ్రాండ్ జాబ్, కార్మినె" అనేవాళ్ళు.

నాకు ఒళ్ళు మండేది. మూడు తరాలు దాటినా వీడికి 'మా ఊరు' అని చెప్పుకోవడానికి ఊరుంది. నాకు లేదు కదా అని.

వాళ్ళమ్మ అస్సుంత. తొంభై దాటిన మనిషి. షాపు పైన రెండు గదుల్లో ఒక్కతే ఉండేది. కొడుకు ఊరి బయట పెద్ద ఇంట్లో ఉంటాడు, రమ్మంటే పోదు. నూనె వాసన లేకపోతే నిద్ర పట్టదనేది. మావైపు పెద్దావిణ్ణి పిలిచినట్టే నేను 'మామ్మా' అని పిలిస్తే, వాళ్ళ భాషలో అమ్మని అలాగే పిలుస్తారట, తెగ సంబరపడింది. డెబ్బై ఏళ్ళుగా ఐర్లండ్‌లో ఉన్నా ఆవిడకి వచ్చింది వంటింటి ఇంగ్లీషే. నాదీ అదే. అందుకే మా ఇద్దరికీ మాట బాగా కలిసింది.

మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. పార్సిల్ ఇచ్చే షాపులకి పర్మిషన్ ఉంది కాబట్టి కిటికీలోంచి చిప్స్ అమ్ముకోవచ్చు. కార్మినెకి ఊపిరితిత్తుల జబ్బు, ఇల్లు కదలొద్దన్నాడు జీపీ డాక్టరు. ఇక షాపులో నేనొక్కణ్ణే. ఇంతలో లీలారాణి పనిచేసే ముసలివాళ్ళ నర్సింగ్ హోమ్‌లోకి కరోనా వచ్చింది. కార్మినె ఫోన్ చేశాడు.

"జోనా, నీ భార్య అక్కణ్ణుంచి ఇంటికొస్తుంది. నువ్వు ఇంటి నుంచి మా అమ్మ దగ్గరికొస్తావు. కుదరదు. ఇక్కడో అక్కడో తేల్చుకో."

నా పేరు యోనా. వాడి నోట్లో అది జోనా. లీలారాణితో చెబితే ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"అక్కడే ఉండవయ్యా. నీ మీద దగ్గుతానేమోనని నాకూ బెంగ తగ్గుద్ది."

"అంటే వదిలించుకుంటున్నావు."

"ఇరవై ఏళ్ళకి సందు దొరికింది, వదులుకుంటానా?"

అలా నేను రెండు జతల బట్టలతో షాపు పైకి మారాను. ఆదివారాలు లీలారాణి, మా అమ్మాయి అబిగేయిల్ వెనక సందులో గేటు అవతల నిలబడేవాళ్ళు. అన్నం, చేపల పులుసు డబ్బాలు గేటు మీద పెట్టి వెనక్కి జరిగేవాళ్ళు.

"డాడ్, యూ గ్రాండ్?" అనేది అబిగేయిల్, బాగున్నావా అని.

"గ్రాండే. తెలుగులో అడిగితే ఇంకొంచెం గ్రాండుగా ఉంటాను."

"యూ విల్ ఇన్ యువర్ హోల్!" అని నవ్వేది. 'ఛస్తే ఉండవు' అనడానికి ఇక్కడి బూతు అది. నాకు తెలుసు, లీలారాణికి తెలియదు, బతికిపోయింది పిల్ల.

పొద్దున్నే కింద కిచెన్లో నేను బంగాళాదుంపలు మెషీన్లో వేసి తొక్క తీస్తుంటే, మామ్మ మెట్లు పట్టుకుని దిగి వచ్చి, బల్ల దగ్గర కూర్చుని మెషీన్ వదిలేసిన నల్ల మచ్చల్ని చిన్న కత్తితో గిల్లేది. ఊరికే కూర్చోమంటే వినదు. నూనె వేడెక్కిందో లేదో చూడ్డానికి థర్మామీటరు ఉన్నా, ఆవిడ రొట్టె ముక్క వేసి అది తిరిగే తీరు చూసేది. మా బజ్జీల బండి మీద నేను పిండి చుక్క వేసేవాణ్ణని చెబితే, "మరి! గాజు గొట్టానికి ఆకలేస్తుందా, దానికేం తెలుసు?" అంది.

అలా ఒక పొద్దున, ఏప్రిల్లో అనుకుంటా, కార్మినె వాళ్ళ తాత బూట్లు అరిగి ఆగిన కథ నేను ఎత్తితే, మామ్మ పకపకా నవ్వింది.

"బూట్లా? మా మామగారికి బూట్లెక్కడివి! ఇక్కడ ఆయన చిన్నాయన కొడుక్కి బండి ఉంది, అది తోయడానికి మనిషి కావాలి, అందుకాగాడు. నా మొగుడు ఆ కథ అల్లాడు. కార్మినె దానికి పాలిష్ పెట్టాడు."

"మరి ఊళ్ళో మీది పెద్ద కుటుంబం అంటాడుగా?"

కత్తి ఆపింది. కాసేపు నన్నే చూసింది. వాణ్ణి నవ్వుకోవడానికి అడుగుతున్నానా, నిజంగానే అడుగుతున్నానా అని చూసినట్టుంది.

"మా నాన్న పందులు మేపేవాడు," అంది. "మావి కూడా కాదు. దొరవి. ఎత్తొరె దొర. ఊరికి ఎగువన రాతి ఇల్లు ఆయనది. ఆ ఇంటి వెనక గోడకి ఆనించి వేసిన పాక మాది. గోడకి ఇవతల మేం, పందులు. అవతల ఆయన భోజనాల గది. చలికాలం ఆ గోడ వెచ్చగా ఉండేది, వాళ్ళ పొయ్యి వేడికి. మా అమ్మ మమ్మల్ని ఆ గోడకి ఆనించి పడుకోబెట్టేది. రోజూ సాయంత్రం అవతల ప్లేట్ల చప్పుడు. చెంచాలు ప్లేట్లకి తగిలే చప్పుడు. మా కడుపులో ఏమీ ఉండేది కాదు, చెవుల నిండా అదే."

నేను మెషీన్ ఆపేశాను.

"నీళ్ళ పంపు దగ్గర మేం ఆఖర్న పట్టుకోవాలి. చర్చిలో వెనక నిలబడాలి. పందుల వాసనట. మేరీ మాత విగ్రహాన్ని ఊరేగిస్తే మా నాన్న భుజం పెట్టడానికి లేదు. తోవ ఊడవొచ్చు, అంతే. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు వెల్లూచి కుర్రాడు ఐర్లండ్ నుంచి పెళ్ళాం కోసం వచ్చాడు. నన్నే ఎందుకు అడిగాడో తెలుసా? మిగతావాళ్ళెవరూ ఇవ్వలేదు. చిప్స్ వాసన అన్నారు!" మళ్ళీ నవ్వింది. "వాసనకి వాసన సరిపోయింది."

మా పల్లె గురించి నేను ఆవిడకి చెప్పానా అంటే, చెప్పాను. కొంచెమే. ఎక్కువ చెప్పక్కర్లేకపోయింది. కాలవ అవతల అనగానే తలూపింది. ఇటలీలో పుట్టిన ముసలామెకి ఒక్క ముక్కలో అర్థమైంది. అదే మాట శేషగిరిరావు గారికి చెప్పకుండా నేను టీ వంకతో పారిపోయాను.

అసలు సంగతి ఆవిడ చెప్పింది ఆ తర్వాత వారమో పది రోజులకో. టీవీలో మళ్ళీ ఇటలీ చూపిస్తున్నారు. మిలటరీ లారీల్లో శవపేటికలు. మామ్మ టీవీ కట్టేయమంది.

"జోనా, నేను పోతే వాడు నన్ను రొక్కాసెర్రకి తీసుకుపోతాడు. ఆ పాలరాతి గదికి."

"మంచిదేగా మామ్మా. మీ ఆయన పక్కనే."

"అరవై ఏళ్ళు పక్కనే పడుకున్నాను, ఆ గురక చాలు నాకు." చేత్తో ఈగని తోలినట్టు తోలింది. "ఆ గది ఎక్కడ కట్టాడో తెలుసా? ఎత్తొరె దొరవాళ్ళ గదిని ఆనుకుని. రెంటికీ ఒకటే గోడ. నా అర ఆ గోడ వైపే. చిన్నప్పుడు వాళ్ళ గోడకి ఆనించి పడుకున్నాను. అక్కణ్ణుంచి పారిపోయి ఇంత దూరం వచ్చాను. నా కొడుకు డబ్బులు పోసి మళ్ళీ ఆ గోడకే ఆనిస్తున్నాడు. నాకొద్దు. నన్ను ఇక్కడే పెట్టమను. నేను ఎవరి కడుపు నింపానో వాళ్ళ మధ్య పెట్టమను."

"కార్మినెకి చెప్పు మరి."

"చెప్పాను. నవ్వుతాడు. మామ్మా, రాణిలా పడుకుంటావు అంటాడు. నువ్వు చెప్పు."

"నేనా? నేను చిప్స్ వేయించేవాణ్ణి. మీ ఇంటి గొడవలో నా మాట ఎవడు వింటాడు?"

ఆవిడ బతిమాలలేదు. కత్తి తీసుకుని మళ్ళీ మచ్చలు గిల్లుకుంది. నేనూ మాట ఇవ్వలేదు. ఇయ్యాల్సిన పని లేదనుకున్నాను.

జూన్‌లో అన్నీ కొంచెం సడలించాక నేను ఇంటికి వచ్చేశాను. ఇటలీకి వెళ్ళిరావొచ్చని జూలై ఆఖరులో గవర్నమెంటు వాళ్ళు గ్రీన్ లిస్ట్ ఇస్తే, కార్మినె టికెట్లు చూడ్డం మొదలుపెట్టాడు. మామ్మ మాత్రం మోకాళ్ళ నొప్పులు, ఈ ఏడు రాలేనంది. వాళ్ళింకా బయల్దేరకముందే, ఆగస్టు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం నేను సూపు తీసుకుని పైకి వెళితే, కిటికీ దగ్గర కుర్చీలో తల పక్కకి వాల్చి ఉంది. సూపు బల్ల మీద పెట్టి, రెండుసార్లు మామ్మా అని పిలిచాను. మూడోసారి పిలవలేదు.

జీపీ వచ్చి చూసి గుండె అన్నాడు. కరోనా కాదు. లీలారాణి డ్యూటీ దిగి యూనిఫామ్‌లోనే వచ్చింది. శవపేటిక వాళ్ళు వచ్చేలోపు మామ్మ మొహం తుడిచి, తల దువ్వి, చేతులు సర్ది, బయటికొచ్చి మెట్ల మీద నా పక్కన కూర్చుంది. ఏప్రిల్లో మామ్మ అడిగిన మాట అప్పుడు చెప్పాను లీలారాణికి.

"మరి చెప్పావా ఆయనకి?"

"చెప్పి? వాళ్ళమ్మ, వాళ్ళ ఊరు, వాళ్ళ గోడ. మధ్యలో నేనెవణ్ణి? ఉద్యోగం ఊడిందంటే నువ్వే ఎత్తిపొడుస్తావు."

లీలారాణి మాస్కు తీసి మడత పెట్టింది. ముక్కు మీద మాస్కు కోసిన గీత ఇంకా ఎర్రగానే ఉంది.

"మా దగ్గర ఎంతమంది పోయారో నీకు తెలుసా? పోతా పోతా ఏదో చెబుతారు. కొడుకులేమో కిటికీ అవతల. మాకేమో ఆ యాస సగం అర్థం కాదు. ఏం చెప్పారమ్మా మా నాన్న అని ఫోన్లో అడుగుతారు. ప్రశాంతంగా పోయారండీ అంటాం. ఏం చెప్పారో దేవుడికి తెలుసు." లేచి నిలబడింది. "నీకు మాత్రం తీరిగ్గా కూర్చోబెట్టి, అర్థమయ్యేలా చెప్పింది. నువ్వేమో ఉద్యోగం అంటున్నావు."

ఆవిడ ఎప్పుడూ ఇంతే. నన్ను చిన్నబుచ్చకుండా ఒక మాట చెప్పడం రాదు.

మర్నాడు పొద్దున కార్మినె షాపు కిచెన్‌లో ఉన్నాడు. అన్ని నెలల తర్వాత లోపలికి రావడం. మనిషి చిక్కిపోయాడు. మాస్కు గడ్డం కిందికి లాక్కుని, మామ్మ కూర్చునే స్టూలు మీదే కూర్చున్నాడు. అప్పటికే అన్నీ మాట్లాడేశాడట. డబ్లిన్ నుంచి రోముకి విమానం, అక్కణ్ణుంచి కారు.

"చూశావా జోనా. మార్చిలో పోయుంటే తీసుకుపోయేవాణ్ణి కాదు. ఏప్రిల్లో అయితే అసలే కాదు. దారి తెరిచేదాకా ఆగింది అమ్మ. ఊరికి పోవాలని ఆగింది."

అక్కడ ఊరుకుని ఉంటే అయిపోయేది. చేపలు వేయించే ఫ్రయ్యర్లు చల్లగా ఉన్నాయి. చేతులకి ఏ పనీ లేదు.

"ఆవిడ అక్కడికి పోనంది బాస్."

"ఎవరు?"

"మామ్మ. నాకు చెప్పింది. ఆ గదిలో పెట్టొద్దంది. ఇక్కడే పెట్టమంది."

"ఏదో ముసలితనంలో అని ఉంటుంది."

"ఎత్తొరె దొర గోడ పక్కన వద్దంది."

ఆ పేరు నా నోట్లోంచి రాగానే వాడి మొహం మారింది. లేచాడు. పొడుగు మనిషి.

"నీకు జీతమిచ్చేది చిప్స్ వేయించడానికి. మా అమ్మని ఎక్కడ పెట్టాలో చెప్పడానికి కాదు. మా ఊరి సంగతి నీకేం తెలుసు? రొక్కాసెర్ర ఎక్కడుందో మ్యాపులో చూపించు చూద్దాం!"

"చూపించలేను. నా పల్లె కూడా చూపించలేను. అది ఏ మ్యాపులోనూ లేదు."

ఎందుకన్నానో తెలియదు గానీ, అన్నాక ఇక ఆగలేదు. ఊరికీ పల్లెకీ మధ్య మురుగుకాలవ సంగతి చెప్పాను. టీ కొట్లో మా నాన్న గ్లాసు చూరులో వేరుగా దోపి ఉండే సంగతి చెప్పాను. నాన్న పోయినప్పుడు సెంటర్లోంచి తీసుకుపోతే దగ్గర దారి. పోనివ్వలేదు. వానలో కాలవగట్టు మీంచి తీసుకుపోతుంటే నా కాలు జారింది. పెట్టె ఒక మూల బురదలోకి దిగింది. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. ఇదంతా నా వంటింటి ఇంగ్లీషులో ఎంత చెప్పగలిగానో అంత చెప్పాను. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన లీలారాణికి కూడా ఆ మూల దిగిన సంగతి చెప్పలేదు నేను.

కార్మినె మళ్ళీ కూర్చున్నాడు.

"నీకు ఏం చెప్పింది అమ్మ? పందులా?"

"పందులు. పాక. ప్లేట్ల చప్పుడు."

"ప్లేట్ల సంగతి నాకు చెప్పలేదు," అన్నాడు. "మిగతాదంతా నాకు తెలుసు."

నేను నమ్మలేదు.

"పదేళ్ళప్పటి నుంచీ తెలుసు. ఆగస్టులో ఊరికి పోతే పిల్లలు నా వెనక పందిలా అరిచేవాళ్ళు. ఎందుకో అమ్మని అడిగితే చెప్పలేదు, ఇంకొకడు చెప్పాడు. అందుకే కట్టాను ఆ గది. అక్కడ స్థలం ఇంకెక్కడైనా దొరికేది. నాకు అదే కావాలి. ఆ చోటు ఇమ్మని ఎత్తొరె మనవరాలి వెంట ఏళ్ళ తరబడి పడ్డాను. సంతకం పెట్టేటప్పుడు నా మొహం చూడలేదు ఆవిడ. పందులవాడి కూతురు ముందు గేట్లోంచి పోవాలి. ఊరంతా నిలబడి చూడాలి. వాళ్ళ గోడకి ఆనుకుని, వాళ్ళ పలకకంటే పెద్ద పలక వెనక పడుకోవాలి. నేను నా జీవితమంతా చేపలు వేయించింది దానికి. తాత బూట్ల కథ చెప్పుకోవడానికి కాదు."

 ఇన్నాళ్ళు వాడికి ఊరు ఉందనుకుని కుళ్ళుకున్నాను. వాడికి ఉన్నది ఊరు కాదు, ఊరి మీద కోపం. అది నాకు బాగా తెలిసిన వస్తువే. వాడు చెబుతుంటే నాకు ఆ గేటు కనిపించింది, పెద్ద పలక కనిపించింది, పక్కకి తిరిగిపోయే మొహాలు కనిపించాయి. ఎంత బావుందో. నాకు డబ్బుంటే నేనూ అదే కట్టించేవాణ్ణి, మా ఊరి సెంటర్లో, హైస్కూలు ఎదురుగా.

"నువ్వైతే ఏం చేస్తావు?" అన్నాడు కార్మినె. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

అబద్ధం చెప్పాలనిపించలేదు.

"నేనైతే తీసుకుపోతాను. ఆ గేట్లోంచి నా భుజం మీదే మోసుకుపోతాను. మా నాన్న పెట్టెనైతే ఇప్పుడైనా తవ్వి తీసి, బ్యాండు పెట్టి సెంటర్లోంచి తిప్పుతాను. కానీ అది నా కోసం బాస్. ఆయన అడగలేదు. మామ్మ మాత్రం నోరు తెరిచి అడిగింది. ఆ ప్లేట్ల చప్పుడు మళ్ళీ వినలేనంది."

వాడు స్టూలు మీంచి లేచి, షాపు ముందు వైపు వెళ్ళి, దింపి ఉన్న షట్టర్ దగ్గర నిలబడ్డాడు. నేను కిచెన్లోనే ఉన్నాను. దగ్గు వినిపించింది. తర్వాత ఫోన్లో మాట్లాడ్డం వినిపించింది. ఆ విమానం వద్దు, అంటున్నాడు. ఇక్కడి శ్మశానంలో కొత్త చోటు ఉందా, అంటున్నాడు. అటువైపు మనిషికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. 

లోపలికి వచ్చి, "నా మొహం చూడకు. పోయి ఆ ఫ్రయ్యర్లు కడుగు," అన్నాడు.

కడిగాను.

చర్చిలోకి యాభై మందినే రానిస్తున్నారు ఆ రోజుల్లో. మిగతావాళ్ళు ఏం చేస్తారంటే, శవపేటిక కారు పోయే దారి పొడుగునా ఎడంగా నిలబడతారు. అది ఇక్కడ కరోనా నేర్పిన మర్యాద. కారు నడక వేగంతో కనాట్ స్ట్రీట్ ఎక్కింది. ఇళ్ళ గుమ్మాల్లో, పేవ్‌మెంట్ మీద, గోడల పక్కన జనం. చాలామంది పేర్లు నాకు తెలియవు. చేప మీద ఉప్పెక్కువ, వెనిగర్ వద్దు, ఉల్లిపాయ రింగులు రెండు. వాళ్ళని నేను గుర్తుపట్టేది అలాగే. టోపీలు తీశారు. ఒక ముసలాయన శిలువ గుర్తు వేసుకుని, పక్కావిడతో గట్టిగానే, "మా నాన్నకి సమ్మెలో పని లేనప్పుడు ఈవిడే తినిపించింది" అన్నాడు. కారు వెనక నడుస్తున్న కార్మినె అది విన్నాడు. తల ఎత్తలేదు.

శ్మశానంలో పేటికని గోతిలోకి దింపే తాళ్ళు పట్టుకోవడానికి మనుషులు తక్కువయ్యారు. కార్మినె నా వైపు చూశాడు. వెళ్ళి పట్టుకున్నాను. తడి మట్టి, జారుతోంది. కాళ్ళు గట్టిగా తన్నిపెట్టి, నా మూల కిందికి పోకుండా, అందరితో సమానంగా వదిలాను.

సెప్టెంబరులో రాయి చెక్కే ఫింటన్ కొలతలకి వస్తే, కార్మినె నన్నూ కారెక్కమన్నాడు. ఎందుకో చెప్పలేదు. గడ్డి ఇంకా పట్టలేదు సమాధి మీద. ఫింటన్, మామ్మ పేరూ సంవత్సరాలూ రాసుకున్నాడు. కార్మినె రొక్కాసెర్ర అక్షరం అక్షరం చెప్పడం మొదలుపెట్టాడు.

ఫింటన్ పెన్సిల్ ఆపాడు. "వేస్తాను, మీ ఇష్టం. మామూలుగా ఇక్కడ మేం పుట్టిన ఊరు వేయం. ఆఖర్న ఎక్కడ ఉండేవాళ్ళో అది వేస్తాం. చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఎవరో తెలియాలి కదా."

నేను చుట్టూ ఉన్న రాళ్ళు చూశాను. నిజమే. ఫలానా వీధి, ఫలానా ఇళ్ళ వరస, ఫలానా రోడ్డు. ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారో ఒక్క రాయీ అడగలేదు.

కార్మినె నా వైపు తిరిగాడు.

"ఆవిణ్ణి అడిగితే షాపు వీధి చెప్పేది," అన్నాను.

"నిన్నెవడడిగాడు?" అన్నాడు. కాసేపు మట్టి వైపు చూశాడు. ఫింటన్‌తో, "కనాట్ స్ట్రీట్," అన్నాడు. "అంతే. ఇంకేం వద్దు."

తిరిగి వస్తుంటే వంతెన దగ్గర ఎర్రలైటు పడింది. కింద నది నిండుగా పోతోంది.

"ఆ మిగిలిన అరలు ఏం చేస్తారు బాస్?" అన్నాను.

"ఇంకా తెలీదు," అన్నాడు. "మీ నాన్నకొకటి కావాలా?"

చాలా రోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది. అడిగి చూస్తాను అన్నాను.